పార్ట్ టూ ఆర్డరుకెక్కని పతకం

1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో తూర్పు రంగంలో పోరాడిన సైనికులకు పూర్వీ స్టార్ అనే పతకం ఇచ్చారు. పడమటి రంగంలో ఉన్నవారికి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. వీటితోపాటు సంగ్రామ్ మెడల్ ఒకటి. అప్పుడు ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళుగా వెళ్ళిన మన తెలుగు జవాన్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. మీ ఊళ్ళో అలాంటివారు ఉంటే, "బాబాయ్, మీ డిశ్చార్జ్ బుక్కులో పతకాల పేజీ ఒకసారి చూపిస్తారా?" అని అడగండి. కొందరిది నిండుగా ఉంటుంది. ఇంకొందరి పుస్తకంలో యుద్ధానికి వెళ్ళిన గుర్తే ఉండదు. మనిషి సరిహద్దు దాటి ఖుల్నా దాకా నడిచి వెళ్ళాడు. కాగితం మాత్రం అతన్ని నాసిక్ దాటనివ్వలేదు.

నేను ఫౌజులో క్లర్కుగా పనిచేసి వచ్చినవాణ్ణి. ఇంటికొచ్చాక చుట్టుపక్కల మాజీ సైనికులకు అర్జీలు రాసిపెడుతున్నాను. రికార్డులో పతకం లేదని, చేసిన కోర్సు ఎక్కలేదని నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది అడిగేది ఒకటే: "ఇప్పుడు దిద్దుతారంటావా?" దిద్దుతారు. అయితే అడిగే పద్ధతి ఒకటుంది. దాని గురించే ఈ పూట చెబుతాను. నేను చెప్పేది జవాన్లు, జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ల (జేసీవోల) గురించి. ఆఫీసర్ల కాగితాల దారి వేరు.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. రికార్డులో లేదంటే మీకు ఆ పతకం రాలేదని ఎవరో నిర్ణయించినట్టు కాదు. ఎక్కువసార్లు ఎవరూ ఏమీ నిర్ణయించలేదని మాత్రమే అర్థం. సైన్యంలో ఒక మనిషికి సంబంధించి ఏది జరిగినా, పెళ్ళి కావచ్చు, బిడ్డ పుట్టడం కావచ్చు, సెలవు, ప్రమోషన్, కోర్సు, పతకం ఏదైనా కావచ్చు, అతని యూనిట్ దాన్ని పార్ట్ టూ ఆర్డరుగా ప్రచురించాలి. ఆ ఆర్డరు రికార్డ్ ఆఫీసుకు వెళ్తుంది. అక్కడి క్లర్కు దాన్ని చూసి ఆ మనిషి సర్వీసు రికార్డు అయిన షీట్ రోల్‌లో ఎక్కిస్తాడు. జీతం మీద ప్రభావం ఉంటే పే అకౌంట్స్ ఆఫీసుకూ ఒక ప్రతి వెళ్తుంది. ఈ గొలుసులో ఎక్కడ ఒక కొక్కెం ఊడినా ఆ సంగతి జరగనట్టే లెక్క.

ఎక్కడ ఊడుతుంది? యుద్ధం అయిపోయిన వెంటనే ఎవరికీ పతకాలు పంచిపెట్టరు. ప్రభుత్వం పతకాన్ని ప్రకటించాలి, అర్హతలు రాయాలి, యూనిట్లు పేర్ల జాబితాలు తయారుచేయాలి. ఆ లోపల మనిషి వేరే యూనిట్‌కి బదిలీ అయిపోతాడు. పాత యూనిట్ 'ఇప్పుడు మా దగ్గర లేడు' అనుకుంటుంది. కొత్త యూనిట్ 'మా దగ్గరికి రాకముందు సంగతి' అనుకుంటుంది. అటాచ్‌మెంట్ మీద వెళ్ళినవాళ్ళ పరిస్థితి ఇంకా కష్టం. తన సొంత యూనిట్ జోధ్‌పూర్‌లో ఉంటుంది, తను ఆర్నెల్లు కశ్మీరులో ఇంకో బెటాలియన్‌తో ఉంటాడు. జాబితా తయారయ్యేది సొంత యూనిట్‌లో. అక్కడ ఉన్నవాళ్ళలో ఇతని ముఖం ఎవరికీ కనబడదు. డ్రైవర్లు, నర్సింగ్ అసిస్టెంట్లు, సిగ్నల్ ఆపరేటర్లు, వంటవాళ్ళు, వీళ్ళ పేజీలే ఎక్కువగా ఖాళీగా ఉండడానికి కారణం ఇదే. వీళ్ళు లేకుండా ఏ బెటాలియన్ ఒక్కరోజు నడవదు.

మన పేర్ల గొడవ కూడా ఉంది. మన ఇంటిపేరు ముందు వస్తుంది, పొడి అక్షరంగా వస్తుంది. ఉత్తరాది క్లర్కు దాన్ని చివరకు తోస్తాడు, లేదా పూర్తిగా వదిలేస్తాడు. ఒకే యూనిట్‌లో ముగ్గురు వెంకటరావులు, ఇద్దరు అప్పారావులు ఉంటే ఒకరి కోర్సు ఇంకొకరి షీట్ రోల్‌లో పడడం వింత కాదు. అందుకే అర్జీలో పేరు కంటే ముందు ఆర్మీ నంబరు రాయమంటాను. నంబరు ఇద్దరికి ఉండదు.

పతకాల్లో రెండు రకాలున్నాయి. ఈ తేడా తెలియక చాలామంది నిరాశపడుతున్నారు. సాహస పతకాలు ఒక రకం. పరమవీర చక్ర నుంచి సేనా మెడల్ దాకా వీటికి ఎవరో ఒక అధికారి సిఫారసు రాయాలి, అది పై మెట్లన్నీ దాటాలి, గెజిట్‌లో రావాలి. సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబుకు గల్వాన్ ఘర్షణ తర్వాత మహావీర చక్ర ప్రకటించినప్పుడు దేశమంతా చూసింది. అలాంటివి రికార్డులో ఎక్కకుండా పోవడం అరుదు. వాటికి నెలనెలా భత్యం కూడా ఉంది. 2017 ఆగస్టు నుంచి పరమవీర చక్రకు 20,000 రూపాయలు, సాహసానికిచ్చే సేనా మెడల్‌కు 2,000 రూపాయలు. అయితే, ఆ రోజు నేను చేసిన పనికి సాహస పతకం రావాల్సింది, ఇవ్వలేదు అని ముప్పై ఏళ్ళ తర్వాత అర్జీ పెడితే ఫలితం ఉండదు. మన బాధ నిజమే అయినా సరే. ఆ మాట ముందే చెప్పడం నా బాధ్యత అనుకుంటాను, ఎందుకంటే వృద్ధులు ఆ ఆశతోనే ఏళ్ళు గడిపేస్తున్నారు.

రెండో రకం అర్హత పతకాలు. ఫలానా చోట, ఫలానా కాలంలో ఉంటే చాలు, అవి మీవి. ఎవరూ దయతలచి ఇవ్వక్కర్లేదు. 1965 యుద్ధానికి సమర సేవా స్టార్, రక్షా మెడల్. శ్రీలంకలో 1987 నుంచి 1990 దాకా శాంతి సేనలో ఉన్నవారికి శ్రీలంక క్లాస్ప్‌తో స్పెషల్ సర్వీస్ మెడల్. కార్గిల్‌కు ఆపరేషన్ విజయ్ స్టార్, ఆపరేషన్ విజయ్ మెడల్. 2001 డిసెంబరులో పార్లమెంటు మీద దాడి తర్వాత సరిహద్దుకు కదిలిన సైన్యానికి ఆపరేషన్ పరాక్రమ్ మెడల్. 2,700 మీటర్లకు పైన 180 రోజులు పనిచేస్తే హై ఆల్టిట్యూడ్ మెడల్. సియాచిన్‌కు విడిగా ఒకటి. యుద్ధంలో గాయపడితే గాయాల పతకం. తొమ్మిదేళ్ళు, ఇరవై ఏళ్ళు, ముప్పై ఏళ్ళు పూర్తయితే సుదీర్ఘ సేవా పతకాలు.

మరీ తేలికగా చూసుకోగలిగినవి స్వాతంత్ర్య వార్షికోత్సవ పతకాలు. 1972 ఆగస్టు 15న ఉద్యోగంలో ఉన్నారా? 25వ వార్షికోత్సవ పతకం. 1997 ఆగస్టు 15న ఉన్నారా? 50వది. భర్తీ అయిన తేదీ, డిశ్చార్జ్ అయిన తేదీ మీ చేతిలో ఉన్న పుస్తకంలోనే ఉన్నాయి. ఆ రెండు తేదీల మధ్య ఈ రోజులు వస్తే, పతకాల పేజీలో ఆ పేరు లేకపోతే, ఆ ఒక్కటే ఒక అర్జీకి చాలు. ఇంకే సాక్ష్యమూ అక్కర్లేదు.

పతకం చేతిలో ఉండడం, కాగితం మీద ఉండడం ఒకటి కాదని కూడా గమనించాలి. పతకాలు తయారయ్యేది కోల్‌కతా టంకశాలలో. అక్కడి నుంచి చేతికొచ్చేసరికి ఏళ్ళు పట్టిన కాలం ఉంది. పరేడ్‌కు నిలబడాలి కాబట్టి మన జవాన్లు కంటోన్మెంటు బజారులో నకళ్ళు కొని రొమ్ముకు తగిలించుకున్నారు. దానిలో తప్పేమీ లేదు, అర్హత ఉన్నవారే కొన్నారు. కానీ చాలామంది అప్పుడు పడిన పొరపాటు ఏమిటంటే, తగిలించుకున్నాం కదా, రికార్డులో కూడా ఉండే ఉంటుందనుకోవడం. అసలుదాని కోసం ఎవరూ మళ్ళీ అడగలేదు, ఎంట్రీ పడిందో లేదో చూసుకోలేదు.

ఇక శిక్షణ సంగతి. పతకం పోతే మనసు నొస్తుంది, కోర్సు పోతే కడుపు మాడుతుంది. ముప్పై అయిదు, నలభై ఏళ్ళ వయసులో ఇంటికొచ్చేవాడికి ఇంకా సగం జీవితం ఉంది. పిల్లల చదువులు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాల్లో మాజీ సైనికులకు 10 శాతం, పాత గ్రూప్ డి పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. మెట్రిక్ పాసై 15 ఏళ్ళ సర్వీసు చేసినవారిని కొన్ని గ్రూప్ సి ఉద్యోగాలకు డిగ్రీ ఉన్నవారితో సమానంగా చూస్తారు. కానీ ఇవన్నీ కాగితం ఏం చెబుతుందో దాన్నిబట్టి నడుస్తాయి. ట్రేడ్‌లో క్లాస్ వన్ పరీక్ష పాసైనా పుస్తకంలో క్లాస్ టూ దగ్గరే ఆగిపోయి ఉంటే, భారీ వాహనాలు లేహ్ దాకా తోలినవాణ్ణి ఇక్కడ మామూలు డ్రైవరుగానే చూస్తారు. మిలట్రీ ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి రోగులకు సేవ చేసిన నర్సింగ్ అసిస్టెంట్ ఇక్కడ ప్రైవేటు ఆసుపత్రి గుమ్మంలో తనకు పని వచ్చని నోటితో చెప్పుకోవలసివస్తుంది. ఇది చూసినప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. దేశం ఖర్చుపెట్టి నేర్పిన పని, ఒక్క గీత రాయకపోవడం వల్ల దేశానికే పనికిరాకుండా పోతోంది.

సరే, ఏం చేయాలి?

మీ రికార్డ్ ఆఫీసు ఎక్కడుందో తెలుసుకోండి. అది మీ రెజిమెంటును బట్టి, కోరును బట్టి ఉంటుంది. మద్రాస్ రెజిమెంటుది నీలగిరుల్లో వెల్లింగ్టన్. ఆర్టిలరీది నాసిక్ రోడ్ క్యాంప్. ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ కోరులవి మన సికింద్రాబాద్‌లోనే. మద్రాస్ ఇంజినీర్ గ్రూపుది బెంగళూరు. సిగ్నల్స్‌ది జబల్‌పూర్. మెడికల్ కోరుది లక్నో. డిఫెన్స్ సెక్యూరిటీ కోరు (డీఎస్సీ)ది కన్నూరు. వైమానిక దళానికి ఢిల్లీలో సుబ్రతో పార్కు, నౌకాదళం నావికులకు ముంబయిలో మాన్‌ఖుర్ద్.

అర్జీ పొడుగ్గా రాయకండి. నేను దేశం కోసం ఇంత చేశాను, నాకు అన్యాయం జరిగింది అని రెండు పేజీలు రాసుకొచ్చేవారున్నారు. ఆ మాటలు నిజమే, కానీ అవతల కూర్చున్న క్లర్కు వెతకవలసింది వేరు. ఆర్మీ నంబరు, ర్యాంకు, డిశ్చార్జ్ బుక్కులో ఉన్నట్టే పేరు, భర్తీ తేదీ, డిశ్చార్జ్ తేదీ, పెన్షన్ చెల్లింపు ఆర్డరు (పీపీవో) నంబరు ముందు ఇవ్వండి. తర్వాత ఒక్క వాక్యం: ఫలానా సంవత్సరం ఫలానా నెల నుంచి ఫలానా నెల దాకా ఫలానా యూనిట్‌తో ఫలానా చోట ఉన్నాను, ఫలానా పతకం నా రికార్డులో లేదు, పార్ట్ టూ ఆర్డరు ప్రచురించి ఎక్కించవలసిందిగా కోరుతున్నాను. అంతే. యూనిట్ పేరు, స్థలం, తేదీలు, ఈ మూడూ ఉంటే ఆ క్లర్కు పాత ఫైలు తీసి వెతకగలడు. లేకపోతే అతను వెతకాలనుకున్నా వెతకలేడు. ఒక అర్జీలో ఒకే విషయం రాయండి. పతకం, భార్య పేరు, పుట్టిన తేదీ అన్నీ కలిపి రాస్తే కాగితం మూడు సెక్షన్లు తిరిగి ఎక్కడో ఆగిపోతుంది.

భార్య పేరు అన్నాను కాబట్టి ఒక మాట. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, ఆధార్‌లో ఒకటి, పెళ్ళి పార్ట్ టూ ఆర్డరులో ఇంకొకటి ఉన్న ఇళ్ళు మన జిల్లాల్లో లెక్కలేనన్ని. పెన్షన్లు స్పర్శ్ అనే ఆన్‌లైన్ పోర్టల్‌లోకి మారాక ఈ తేడాలు ఎక్కువగా బయటపడుతున్నాయి. అది దిద్దించుకోవడం ఫ్యామిలీ పెన్షనుకు ప్రాణం లాంటిది. పతకం కంటే ముందు ఆ పని చూసుకోండి.

సాక్ష్యాలు ఎక్కడ దొరుకుతాయి? ట్రంకు పెట్టె అడుగున. కోర్సు సర్టిఫికెట్లు, మూవ్‌మెంట్ ఆర్డర్లు, సెలవు చీటీలు, యూనిట్ గ్రూపు ఫొటో. ఫొటో వెనక పేర్లు రాసి ఉంటే ఇంకా మంచిది. మీరు ఇంటికి రాసిన ఉత్తరాలు ఎవరైనా దాచి ఉంటే వాటిని పారేయకండి. చిరునామాలో 56 ఏపీవో అనో 99 ఏపీవో అనో ఉంటుంది. మొదటిది ఉత్తర, పశ్చిమ ప్రాంతాల దళాలకు, రెండోది తూర్పు వైపు దళాలకు. పోస్టు ముద్ర మీద తేదీ ఉంటుంది. ఉత్తరం ఒక్కటే అర్హతను నిరూపించదు, కానీ మీరు మరిచిపోయిన నెలను అది గుర్తుచేస్తుంది. ఆ నెల తెలిస్తే యూనిట్ డైజెస్ట్ ఆఫ్ సర్వీసులో ఆ రోజుల్లో యూనిట్ ఎక్కడుందో చూడమని అడగవచ్చు. తోటి సైనికుడు ఎవరైనా బతికి ఉంటే అతని అఫిడవిట్ తీసుకోండి. అతని నంబరు, యూనిట్ కూడా అందులో ఉండాలి.

కాగితాలు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపడం మంచిది. అక్కడ అర్జీని సరిచూస్తారు, మీ దగ్గర ఉన్నదానికి ధ్రువీకరణ ఇస్తారు, పంపినట్టు ఒక రుజువు మిగులుతుంది. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజుతో మీ సొంత షీట్ రోల్ నకలు, మీ పేరు మీద ప్రచురించిన పార్ట్ టూ ఆర్డర్ల వివరాలు అడగవచ్చు. ముప్పై రోజుల్లో జవాబు చెప్పాలి. నా అనుభవంలో ఈ పని అర్జీకి ముందే చేయడం మేలు. ఏం ఉందో తెలిస్తేనే ఏం లేదో చెప్పగలం. అన్ని తలుపులూ మూసుకుపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. 2007 చట్టంతో ఏర్పడింది. అక్కడికి వెళ్ళాలంటే కింది ఆఫీసు తుది జవాబు వచ్చిన ఆరు నెలల్లో వెళ్ళాలి. పతకం కోసం అంతదూరం వెళ్ళేవారు తక్కువ, వెళ్ళవలసిన అవసరం రాకూడదని నా కోరిక.

అమెరికాలో ఈ పనికి ప్రత్యేకంగా బోర్డులే ఉన్నాయి. అంతకుముందు ఒక సైనికుడి రికార్డు దిద్దాలంటే వాళ్ళ పార్లమెంటు అతని ఒక్కడి కోసం బిల్లు పెట్టవలసివచ్చేది. 1946లో చట్టం చేసి ఆ అధికారం పౌరులతో ఏర్పాటైన బోర్డులకు ఇచ్చారు. అర్జీకి 149 అనే నంబరున్న ఒక ఫారం. తప్పు తెలిసిన మూడేళ్ళలోపు పెట్టాలి, న్యాయం కోసం అవసరమనుకుంటే బోర్డు ఆ గడువును పక్కన పెడుతుంది. మన దగ్గర కూడా ఇలా ఒకే ఫారం, ఒకే చోటు ఉంటే ఎనభై ఏళ్ళ మనిషి ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కు ఉత్తరాలు రాయనక్కర్లేదు.

అయితే వాళ్ళకు ఒక పెద్ద దెబ్బ కూడా తగిలింది. 1973 జూలై 12న సెయింట్ లూయిస్ నగర శివార్లలో సైనికుల రికార్డులున్న భవనం పై అంతస్తు కాలిపోయింది. 1 కోటీ 60 లక్షల నుంచి 1 కోటీ 80 లక్షల ఫైళ్ళు బూడిదయ్యాయి. రెండు ప్రపంచ యుద్ధాల్లోను, కొరియాలోను పోరాడినవాళ్ళవి అందులో ఉన్నాయి. వేటికీ నకళ్ళు లేవు, మైక్రోఫిల్మ్ లేదు. ఆ తర్వాత జీతాల పట్టీలు, యూనిట్లు పొద్దున్నే రాసే హాజరు నివేదికలు, ఆసుపత్రి లెక్కలు ఒక్కొక్కటే ఏరి ఆ మనుషుల సర్వీసును తిరిగి కట్టుకుంటూ వస్తున్నారు. ఇన్నేళ్ళయినా ఆ పని నడుస్తూనే ఉంది.

మన దగ్గర నిప్పు అక్కర్లేదు, నిబంధనే ఉంది. పెన్షన్ రాని సైనికుడి షీట్ రోల్‌ను పాతికేళ్ళు ఉంచి ఆ తర్వాత నాశనం చేస్తారు. లాంగ్ రోల్ అనే పెద్ద పుస్తకంలో మనిషి గురించి క్లుప్తంగా రాసిన ఎంట్రీ మాత్రం మిగులుతుంది. అయిదేళ్ళో ఏడేళ్ళో పనిచేసి, పెన్షన్ లేకుండా ఇంటికొచ్చినవారు 1965లోను, 1971లోను ఎంతోమంది ఉన్నారు. వాళ్ళలో ఇంకా అడగనివారికి ఇప్పుడు రికార్డ్ ఆఫీసులో దొరికేది ఆ ఒక్క ఎంట్రీయే కావచ్చు. కాబట్టి ఇంట్లో ఉన్న డిశ్చార్జ్ బుక్కు ప్రపంచంలో మిగిలిన ఒకే ఒక్క పూర్తి రికార్డు అయి ఉండవచ్చు. దాన్ని చెదలు తినే చోట పెట్టకండి. ప్రతి పేజీని ఫోనుతో ఫొటో తీసి పిల్లలందరికీ పంపండి. ఈ ఒక్కపనికి ఏ ఆఫీసు అనుమతీ అక్కర్లేదు.

పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. తరతరాలుగా సైన్యానికి మనుషులను పంపిన ఊరు, మిలట్రీ మాధవరం అంటారు. అలాంటి ఊళ్ళలో తాత, తండ్రి, కొడుకు ముగ్గురి డిశ్చార్జ్ కాగితాలూ ఒకే ఇంట్లో ఉంటాయి. యువకులు ఆదివారం పూట కూర్చుని ఊళ్ళోని పుస్తకాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఒకే యూనిట్‌లో ఒకే కాలంలో పనిచేసిన ఇద్దరిలో ఒకరికి ఉన్న పతకం ఇంకొకరికి ఎందుకు లేదో బయటపడుతుంది. ఒకరి పుస్తకంలోని పార్ట్ టూ ఆర్డరు నంబరు ఇంకొకరి అర్జీకి ఆధారమవుతుంది. ఇంతకంటే బలమైన సాక్ష్యం నేను చూడలేదు.

చనిపోయినవారి విషయంలో భార్య అర్జీ పెట్టవచ్చు. భార్య లేకపోతే పిల్లలు పెట్టవచ్చు. మరణ ధ్రువపత్రం, సంబంధాన్ని చూపే కాగితం జతచేయాలి. "ఆయనే పోయారు, ఇంకెందుకు బాబూ" అని అమ్మలు అంటుంటారు. అమ్మా, ఆయన సియాచిన్‌లో ఉన్న నెలలు ఆయనతో పోలేదు. అవి జరిగాయి. వాటిని రాయవలసిన కాగితం ఇంకా ఖాళీగా ఉంది, దాన్ని నింపమని అడిగే హక్కు ఇప్పుడు మీది.

రికార్డ్ ఆఫీసుల పెద్దలు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే వారికి ఒక విన్నపం. జవాను డిశ్చార్జ్‌కు వచ్చిన రోజుల్లో ఎన్నో సంతకాలు పెట్టిస్తారు. ఆ తొందరలో అతను పతకాల పేజీ చదవడు, కోర్సుల పేజీ అసలు తెరవడు. ఆర్నెల్ల ముందే అతని షీట్ రోల్ నకలు అతనికి ఇప్పించండి. ఇంకా యూనిట్‌లోనే ఉంటాడు కాబట్టి లేనిది చూపిస్తాడు, తోటివాళ్ళు పక్కనే ఉంటారు, కమాండింగ్ ఆఫీసరు సంతకం అదే రోజు దొరుకుతుంది. అక్కడ ఒక్క పూటలో అయ్యే పని, అతను శ్రీకాకుళంలోనో నల్లగొండలోనో ఇంటికి చేరాక ఏళ్ళు పడుతోంది.